వార్డులో రాత, జ్ఞాపకం: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలోని ఒక ఆసుపత్రిలో, జనరల్ వార్డులో 18 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి రైలెక్కి సెంట్రల్‌లో దిగే తెలుగువారు మా వార్డులో ఎప్పుడూ ఉంటారు కాబట్టి, వాళ్లకు డాక్టరు మాట చేరవేసే పని తరచూ నా మీదే పడుతుంది. రాసుకోవడం గురించి రోగుల బంధువుల నోటా, కొత్తగా చేరిన నర్సుల నోటా నేను పదేపదే వినే మాటలు ఇవి.

అపోహ: బాగా గుర్తుందంటే సరిగ్గానే గుర్తున్నట్టు.

వాస్తవం: 1986 జనవరిలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడే, ఆ వార్తను ఎక్కడ, ఎవరి ద్వారా విన్నారో ఎమరీ విశ్వవిద్యాలయ విద్యార్థుల చేత రాయించి దాచిన మనస్తత్వ శాస్త్రవేత్త ఉల్రిక్ నైసర్, సుమారు రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో కొందరిని మళ్లీ అవే ప్రశ్నలు అడిగారు. చాలామంది జవాబులు తమ పాత రాతతో పొసగలేదు. తప్పు చెప్పినవారిలోనూ ఎంతోమంది గట్టి నమ్మకంతోనే చెప్పారు. వాళ్ల చేతిరాతనే వాళ్లకు చూపించినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు.

మా ఊళ్లో దీనికి భాష కూడా తోడవుతుంది. ఒకసారి జ్వరం తగ్గి ఇంటికి వెళ్తున్న రోగి భార్యకు డ్యూటీ డాక్టరు తమిళంలో “ఒరు నాళైక్కు రెండు” అన్నారు. రోజుకు రెండు అని దాని అర్థం. తమిళంలోనూ రెండు అంటే రెండే కాబట్టి ఆ ముక్క ఆవిడకు సరిగ్గానే చేరింది, “నాళైక్కు” మాత్రం నాలుగులాగా వినబడింది. నాలుగు గంటలకొకసారి రెండేసి చొప్పున 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ వేశారు. మర్నాడు వచ్చినప్పుడు మాత్రల షీటులో ఖాళీలు లెక్కపెడితే 8 మాత్రలు, అంటే 5.2 గ్రాములు, పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. “నాలుగనే చెప్పారు సిస్టర్, నాకు బాగా గుర్తుంది” అన్నారావిడ, అబద్ధం చెప్పాలని కాదు. రక్తపరీక్షలో ఏ తేడా లేదని తేలింది గానీ, చీటీ మీద ఆవిడ చదవగలిగేలా తెలుగులో రాసి ఇవ్వని తప్పు మాదే.

అపోహ: రాసి చూసుకోవడం పని రానివాళ్లకే.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన, ఒక్కొక్కటిగా సరిచూసుకోవలసిన 19 అంశాల శస్త్రచికిత్స పట్టికను ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో అమలుచేసి చూస్తే, ఆపరేషన్ తర్వాతి తీవ్ర సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. ఆ పట్టికలో రోగి పేరు, కోయవలసిన వైపు, లెక్కపెట్టిన గాజుగుడ్డల వంటి, ప్రతి సర్జనుకూ తెలిసిన సంగతులే ఉంటాయి.

అపోహ: ముందు పని ముగించి, తీరిగ్గా ఒక్కసారే రాసుకోవచ్చు.

వాస్తవం: రోగికి తగిలించిన మూత్రపు సంచి ఖాళీ చేసిన ప్రతిసారీ కొలిచి చార్టులో వేయాలి. రాత్రంతా మనసులో పెట్టుకుని తెల్లవారుజామున నింపిన చార్టును దూరం నుంచే పట్టేస్తాను: అంతా ఒకే ఇంకు, ఒకే వాలు, 200, 200, 250. నిజంగా కొలిచిన చార్టులో 185, 240, 90 అంటూ పొంతన లేని అంకెలుంటాయి. ఆ అంకెలను బట్టే మర్నాడు సెలైను ఎంత ఎక్కించాలో డాక్టరు నిర్ణయిస్తారు. ఆలస్యమైతే దాచనక్కర్లేదు, పని జరిగిన సమయం, రాసిన సమయం రెండూ వేస్తే చాలు. రాత్రి ఫోనులో చెప్పిన మందును మాత్రం ఫోను పెట్టకముందే రాసి, తిరిగి చదివి వినిపించాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోనులో ఒకేలా వినబడతాయి కాబట్టి “ఒకటి, ఐదు” అని అంకెలు విడదీసి చదవమని కొత్తవాళ్లకు చెబుతాను.

పుస్తకంలోని విద్య, పరుల చేతిలోని ధనం అక్కరకు రావన్న పెద్దల మాటను కొందరు నాకు అప్పజెబుతారు. నిజమే, ఊపిరాడని రోగి దగ్గర ఏం చేయాలో తల్లోనే ఉండాలి. నిన్న సాయంత్రం ఆరింటి బీపీ ఎంతన్నది విద్య కాదు.

అపోహ: ఆసుపత్రివాళ్ల దగ్గర అన్నీ ఉంటాయి, మనమెందుకు రాయడం?

వాస్తవం: 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం, చేర్చుకున్న రోగుల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లపాటు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నాలుగో ఏడు వచ్చేవారికి సొంత కాగితాలే గతి. పైగా ఇంట్లో జరిగేది ఏ కేస్ షీటులోనూ ఉండదు.

సూళ్లూరుపేట నుంచి వచ్చే ఒక పెద్దావిడ దగ్గర బడి పిల్లల నోటుపుస్తకం ఒకటుంది. ఉదయం మాత్రకు సూర్యుడు, రాత్రి మాత్రకు చంద్రుడు బొమ్మలు గీసి, మనవడి చేత పక్కనే బీపీ అంకెలు రాయిస్తారు. ఒకసారి పాదాల వాపు ఎప్పటి నుంచి అని డాక్టరు అడిగితే “ఎప్పట్నుంచో ఉందయ్యా” అన్నారు. తెలుగు చదవడం రాని ఆ డాక్టరు తారీఖులు చూస్తూ పేజీలు తిప్పారు. ‘కాళ్ల వాపు’ అన్న మాట నేను వెతికి చూపించాను: అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టిన పదకొండో రోజున మొదటిసారి కనిపించింది. ఆ మందుకు పాదాలు వాచడం తెలిసిన దుష్ఫలితమే. డాక్టరు మందు మార్చారు. ఆవిడ సంచిలోంచి పెన్ను తీసి, “కొత్తదానికి సూర్యుడా, చంద్రుడా సిస్టరమ్మా?” అని అడిగారు.