డావిన్సీ గీసిన శరీరం: అపోహలు - వాస్తవాలు

నేను అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం చెప్తాను. లియోనార్డో డావిన్సీ బొమ్మలు క్లాసులో చూపించినప్పుడల్లా పిల్లల నుంచి వినిపించే మాటలివి.

అపోహ: చర్చి నిషేధించింది కాబట్టి శవాలను దొంగచాటుగా కోశాడు.

వాస్తవం: ఆయన పుట్టకముందే, 14వ శతాబ్దం మొదట్లోనే, ఇటలీలోని బొలోన్యాలో మొండినో అనే వైద్య అధ్యాపకుడు శవాన్ని కోసి పాఠం చెప్పాడు. లియోనార్డో 1507-08 చలికాలంలో ఫ్లోరెన్స్‌లోని సాంతా మరియా నువోవా ఆసుపత్రిలో ఒక ముసలాయన శవాన్ని కోశాడు. నూరేళ్లు దాటాయని చెప్పుకున్న ఆ మనిషి మంచం మీద కూర్చునే ప్రశాంతంగా కన్నుమూశాడు. అంత సులువుగా చావు ఎలా వచ్చిందో చూద్దామని కోస్తే, గుండెకు రక్తం అందించే నాళం ఎండి సన్నబడి కనిపించింది. తర్వాత రోమ్‌లో ఎవరో ఫిర్యాదు చేస్తే ఇబ్బంది పడ్డ మాట నిజమే. అంతమాత్రాన అంతటా నిషేధం ఉందనడం తప్పు.

అపోహ: ఒక శవాన్ని ముందు పెట్టుకుని, కనిపించింది కనిపించినట్టు దించేశాడు.

వాస్తవం: శవం చెడకుండా ఉంచే ఫార్మలిన్ మందు లేని రోజులవి. శవం త్వరగా పాడైపోయేది. ఒక్క శరీరం సరిపోదు, చాలా చూడాలని ఆయనే రాసుకున్నాడు. 1510-11లో భుజాన్ని గీసిన తీరు చూడండి. చుట్టూ తిరుగుతూ చూస్తున్నట్టు అదే భుజం వరసగా కనిపిస్తుంది. కొన్ని బొమ్మల్లో కండలు తీసేసి దారాలు గీశాడు, ఏ కండ ఎటు లాగుతుందో తెలియడానికి. భుజం పాఠానికి బోర్డు మీద నేనూ ఇదే పద్ధతి వాడతాను, ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే దారి నాకు దొరకలేదు.

అపోహ: ఆయన బొమ్మల్లో తప్పే ఉండదు.

వాస్తవం: గర్భంలో ముడుచుకున్న శిశువు బొమ్మ నుంచి కళ్లు తిప్పుకోలేం. కానీ మావి దగ్గర ఆగండి. మనిషి మావి ఒకే బిళ్లలా ఉంటుంది. ఆయన గీసింది విడివిడి ముద్దలు, అంటే ఆవులో ఉండే తీరు. అంతకుముందు 1490ల్లో పాత పుస్తకాలను నమ్మి, వెన్ను నుంచి పురుషాంగానికి ఒక గొట్టం కూడా గీశాడు. ఈ తప్పులు పిల్లలకు చూపించాల్సిందేనని నా అభిప్రాయం. కళ్లారా చూసింది ఏది, విన్నది ఏది అన్న తేడా ఇక్కడే తెలుస్తుంది.

అపోహ: బొమ్మల పక్కన ఆయన తిరగేసి రాసిన, అద్దంలో చదవాల్సిన రాత రహస్యం కోసం.

వాస్తవం: ఆయనది ఎడమచేతి వాటం. ఆ చేతికి కుడి నుంచి ఎడమకు రాయడమే సులువు.

అపోహ: ఆధునిక అనాటమీ ఈ బొమ్మల మీదే నిలబడింది.

వాస్తవం: ఆయన బతికుండగా ఇవి అచ్చు కాలేదు. ఆయనతో పనిచేసిన పావియా ప్రొఫెసర్ మార్కాంటోనియో 1511లో ప్లేగుతో పోయాడు. 1519లో లియోనార్డో కూడా పోయాడు. 1543లో అచ్చయి దారి చూపింది వెసేలియస్ అనే వైద్యుడి అనాటమీ పుస్తకం. ఇప్పుడు ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్న లియోనార్డో కాగితాల్లో చాలావాటికి 19వ శతాబ్దం చివరిదాకా అచ్చు మొహమే తెలియదు. ఈలోగా ఆయన గమనించినవాటిలో చాలా విషయాలను వేరేవాళ్లు మళ్లీ మొదటి నుంచి కనుక్కోవాల్సి వచ్చింది.