నల్ల పైపు జాయింట్లు: అపోహలు - వాస్తవాలు

బోరు నుంచి పొలానికి వేసే హెచ్‌డీపీఈ (ఒక రకం పాలిథిన్ ప్లాస్టిక్) నల్ల పైపుకి కంప్రెషన్ ఫిట్టింగులు, అంటే పైపును లోపలికి తోసి నట్టు బిగించి కలిపే జాయింట్లు వాడితే లీకులు తప్పవని ఊళ్లలో గట్టిగా నమ్ముతారు. నేను చూసినంతలో చాలాసార్లు తప్పు ఫిట్టింగుది కాదు, పైపు కొసను కోసిన తీరుది.

అపోహ: కారుతోందంటే నట్టు ఇంకా బిగించాలి.

నీళ్లను ఆపేది లోపలుండే రబ్బరు ఓ-రింగ్ అండీ. నట్టు చేసేదల్లా స్ప్లిట్ రింగును (ఒకచోట చీలిక ఉన్న పట్టు రింగు) పైపు మీద నొక్కి, పైపు వెనక్కి జారకుండా పట్టుకోవడం. ఓ-రింగ్ తెగిందంటే మీరు రెండు పైపు రెంచులు పెట్టి తిప్పినా చుక్క ఆగదు, పైగా నట్టు పగిలి కొత్త ఖర్చు. హాక్సా బ్లేడుతో వంకరగా కోసి, అంచున వేలాడే పీచు కూడా తీయకుండా తోసేస్తే ఓ-రింగ్ తెగక ఏమవుతుంది? వంకర లేకుండా, పైపుకి సరిగ్గా అడ్డంగా కోయండి. బయటి అంచును చాకుతో చుట్టూ ఏటవాలుగా చెక్కండి, ఫిట్టింగులోకి ఎంత దూరం వెళ్లాలో కొలిచి పైపు మీద గీత పెట్టుకోండి, కొసకి సబ్బు నీళ్లు రాయండి (గ్రీజు వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది). తోస్తున్నప్పుడు ఓ-రింగ్ దగ్గర పైపు ఆగినట్టు అనిపిస్తుంది, చాలామంది సరిపోయిందనుకుని అక్కడే నట్టు బిగించేస్తారు. గీత దాకా తోయాల్సిందే.

అపోహ: నట్టు థ్రెడ్‌కి టెఫ్లాన్ టేపు చుడితే మంచిది.

అక్కర్లేదు. ఓ-రింగ్ బాగుంటే నీళ్లు ఆ థ్రెడ్ దాకా రావు. ఫిట్టింగ్ రెండో కొస థ్రెడ్‌తో వాల్వులోకి వెళ్తుంటే మాత్రం అక్కడ చుట్టాలి.

పీవీసీ సొల్యూషన్ పూసి అతికిద్దామనుకునేవాళ్లకి ఒక్క మాట: హెచ్‌డీపీఈకి అది అంటుకోదు.

అపోహ: పైపు ఊడి వచ్చిందంటే ఫిట్టింగ్ నాసిరకం.

కావచ్చు, కానీ ముందు ఎండ సంగతి చూడండి. వంద మీటర్ల నల్ల పైపు 20 డిగ్రీలు వేడెక్కితే 30-40 సెంటీమీటర్లు సాగుతుంది. మిట్టమధ్యాహ్నం సాగి ఉన్న పైపును బిగువుగా లాగి కలిపేసి, సాయంత్రం మోటారు వేస్తే చల్లటి నీళ్లకి అది ముడుచుకుని రెండు వైపులా జాయింట్లను లాగేస్తుంది, ఆ లాగుడికి ఎక్కడో ఒకచోట పట్టు జారుతుంది. అందుకే పైపును దానికోసం తవ్విన కాలవలో వంకరటింకరగా, వదులుగా పరచండి. జాయింట్లు పొద్దున చల్లటి వేళ కలపండి. మోటారు ఓ అరగంట నడిపి, ఒక్కో జాయింటునీ చేత్తో తడిమి చూశాకే మట్టి కప్పండి.