పోహాంగ్ ముసలి ఊరా? జనాభా లెక్కలపై అపోహలు – వాస్తవాలు

మొన్న గుంటూరు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్లబ్బాయికి దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో, పోస్టెక్ అనే సైన్స్, టెక్నాలజీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటొచ్చింది. "అన్నయ్యగారూ, ఆ ఊళ్లో అంతా ముసలివాళ్లేనట, ఇంకో ఇరవై ఏళ్లకు ఊరే ఉండదట, నిజమేనా?" గొంతులో ఒకటే టెన్షన్. ఆవిడ తప్పేం లేదు. పదిహేనేళ్లుగా జనాభా లెక్కలతోనే నా పని, ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. వీడియోలు పెట్టి జనాన్ని భయపెట్టేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: పిల్లలు పుట్టకపోవడం వల్లే ఊరు ముసలిదైపోయింది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇది. 2023లో సియోల్ టీఎఫ్ఆర్ (ఒక స్త్రీ జీవితకాలంలో కనే పిల్లల సగటు) 0.55. పోహాంగ్ ఉన్న ఉత్తర గ్యోంగ్‌సాంగ్ ప్రావిన్సులో 0.86. పుట్టుకలే అసలు కారణమైతే ముందు ముసలిది కావాల్సింది సియోల్. కానీ వృద్ధుల వాటాలో ఉత్తర గ్యోంగ్‌సాంగే చాలా పైనుంది. టీఎఫ్ఆర్ అనేది ఒక్కో స్త్రీకి వేసే లెక్క. ఆ స్త్రీలే ఊరొదిలి వెళ్లిపోతే రేటు ఎంతుంటే ఏం లాభం?

పోహాంగ్‌ను పెంచింది ఉక్కు. పోస్కో అనే ఉక్కు కంపెనీ 1968లో మొదలైంది, ఫ్యాక్టరీ తొలి దశ 1973లో పూర్తయింది. అప్పట్లో పాతికేళ్ల వయసులో పనికొచ్చిన కుర్రాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఒక ఈడువాళ్లంతా ఒకేసారి వచ్చారు, ఒకేసారి పెద్దవాళ్లవుతున్నారు. వాళ్ల పిల్లలేమో సియోల్ దారి పట్టారు. 2019 చివరికే దేశ జనాభాలో సగం సియోల్ చుట్టూ ఉన్న రాజధాని ప్రాంతంలో ఉంది. ఉక్కు ఊళ్లో మగవాళ్లకు దొరికినన్ని ఉద్యోగాలు చదువుకున్న ఆడపిల్లలకు దొరకవు. అందుకే ముందు వెళ్లేది వాళ్లే.

అక్కడ పనిమీద ఉన్న రోజుల్లో జుక్దో మార్కెట్‌లో ఒక మామ్మ దగ్గర ఎండుచేపలు కొనేవాణ్ణి. కూతురు సియోల్ పక్కనే ఉన్న ఇంచియాన్‌లో ఉందట, ఇద్దరు మనవలు, చుసోక్ పండక్కి వస్తారట. మనవల ఫొటో ఫోన్లో చూపించేది. ఆ పిల్లలిద్దరూ పుట్టారు, కాకపోతే ఇంచియాన్ లెక్కలో పడ్డారు. బిడ్డను కంటే ఇంతని డబ్బిస్తామని ప్రభుత్వం అంటే ఆ కూతురు వెనక్కి వస్తుందా? మంచి ఉద్యోగం ఉండుంటే అసలు వెళ్లేదే కాదేమో. 2024లో ఆంధ్రప్రదేశ్ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన తీసేసినప్పుడు మన దగ్గరా చర్చంతా పుట్టుకల చుట్టూనే తిరిగింది. పిల్లలంతా హైదరాబాద్, బెంగళూరులో ఉండి అమ్మానాన్నలే మిగిలిన ఊళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. అది నాకు చాలా బాధనిపించింది.

అపోహ: జనాభా 5 లక్షల కిందికి పడిపోయింది, ఇక ఊరు పనైపోయింది.

2022లో పడిన మాట నిజమే. కానీ 1995లో యోంగిల్ కౌంటీని కలిపినప్పుడూ దాదాపు 5 లక్షలే. 2015 నాటికి 5 లక్షల 20 వేలు దాటి, మళ్లీ దిగింది. మొత్తం పెద్దగా మారలేదు, మారింది లోపలి వయసుల వాటా. 5 లక్షలన్నది పాలనా గీత, నగరంలో 'గు' అనే విభాగాలు ఉండొచ్చా లేదా అన్నదానికి.

అపోహ: కొరియావాళ్లు వయసు ఒకటి రెండేళ్లు ఎక్కువ చెబుతారు, కాబట్టి లెక్కలన్నీ తప్పు.

కాదు. 2023 జూన్‌లో అందరూ నిండిన వయసే వాడాలని చట్టం మారకముందు కూడా గణాంకాల్లో వాడింది నిండిన వయసే.

అపోహ: ఆ జనాభా సంఖ్యలో అందరూ ఉంటారు.

వార్తల్లో వచ్చేది నివాస నమోదు జనాభా. అందులో విదేశీయులు ఉండరు. ఇంటి చిరునామా మార్చుకోని హాస్టల్ విద్యార్థులు సొంతూరి లెక్కలోనే ఉంటారు. జనగణన వేరు, అది మనిషి నిజంగా ఎక్కడ ఉంటున్నాడో చూస్తుంది. మూడు నెలలకు మించి ఉండే విదేశీయుల్నీ కలుపుతుంది.

గుంటూరు ఆవిడకు ఇదంతా చెప్పాను. క్యాంపస్ చుట్టూ మీవాడి ఈడువాళ్లే తిరుగుతుంటారు, భయపడకండమ్మా అన్నాను. దిగిన 90 రోజుల్లోపు విదేశీ నమోదు కార్డుకి దరఖాస్తు పెట్టుకోమని మాత్రం రెండుసార్లు చెప్పాను. ఆవిడ కాగితం మీద రాసుకున్నారు.