గోల్ఫర్ల ఆటోగ్రాఫ్‌లు: కొనేముందు వదులుకోవలసిన అపోహలు

గోల్ఫర్ల సంతకాలు సేకరించడం మొదలుపెట్టిన తెలుగువాళ్లు, ముఖ్యంగా అమెరికాలో ఉన్నవారు, నన్ను అడిగే ప్రశ్నల వెనక ఉండే అపోహలు దాదాపు ఒకటే. జేబుకు చిల్లు పడేది కూడా వీటివల్లే.

అపోహ: ఆటగాడు ఎంత గొప్పవాడైతే సంతకం అంత ఖరీదు.

ఆర్నాల్డ్ పామర్‌ను మించిన పేరు గోల్ఫ్‌లో ఎందరికుంది? అయినా ఆయన సంతకం సులువుగానే దొరుకుతుంది. 2016లో కన్నుమూసేదాకా ఆయన అభిమానులకు విసుగన్నది లేకుండా, ప్రతి అక్షరమూ చదవగలిగేలా సంతకాలు చేశారు. కుర్ర ఆటగాళ్లు రెండు గీతలు గీకి పంపేస్తే ఆయనకు నచ్చేది కాదు. అదే టోనీ లీమాను తీసుకోండి. 1964లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన ఆయన 1966లో విమాన ప్రమాదంలో మరణించారు, అప్పటికి వయసు 32. సాధించినదాంట్లో పామర్‌తో పోలికే లేదు, కానీ ఆయన సంతకం కోసం ఓపిగ్గా వెతకాలి. ధర పేరును బట్టి కాదు, మిగిలినవి ఎన్ని అన్నదాన్ని బట్టి పలుకుతుంది.

అందుకే సాహిత్ తీగల సంతకం పెట్టుబడిగా కొనమంటారా అని అడిగేవారికి నా జవాబు ఒక్కటే. హైదరాబాద్ మూలాలున్న ఈ కుర్రాడు 2023లో అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ గెలిచాడు, ఇప్పటికీ ఆడుతున్నాడు. డబ్బు పోసి కొనడమెందుకు? టోర్నమెంటుకు వెళ్లి అడగండి.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే అసలుదే.

దొంగ సంతకం చేయగలిగినవాడికి కాగితం అచ్చు వేయించడం ఒక లెక్కా? 1990ల చివర్లో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో పట్టుకున్న ముఠా సరుకు సర్టిఫికెట్లతోనే అమ్ముడైంది. ఎవరు ఇచ్చారన్నది చూడాలి. టైగర్ వుడ్స్‌తో క్రీడాకారుల సంతకాలున్న వస్తువులు అమ్మే అప్పర్ డెక్ సంస్థకు 2001 నుంచి ఒప్పందం ఉంది, ఆ సంస్థ మనిషి ఎదుటే సంతకం జరుగుతుంది, వస్తువుకు నంబరున్న హోలోగ్రామ్ అంటిస్తారు. పీఎస్‌ఏ, జేఎస్‌ఏ వంటి పరీక్షా సంస్థలు సంతకాన్ని తర్వాత పరీక్షించి చెప్పేది అభిప్రాయం మాత్రమే. విలువైన అభిప్రాయమే, కానీ సాక్ష్యం కాదు.

భూతద్దం కింద మీరూ చూడండి. అలవాటైన చేతిలో గీత సన్నగా మొదలై, వేగంగా సాగి, సన్నగా ముగుస్తుంది. చూసి గీసినవాడి గీత మొద్దుగా మొదలవుతుంది, మధ్యలో వణుకుతుంది, పెన్ను ఎత్తకూడని చోట ఎత్తిన గుర్తు ఉంటుంది.

అపోహ: సంతకం తేడాగా ఉంటే నకిలీయే.

పైన చెప్పిన సూత్రమే బాబీ జోన్స్ దగ్గర తలకిందులవుతుంది. 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచిన ఈ అట్లాంటా న్యాయవాది చేతిరాత అప్పట్లో ధారగా సాగేది. తర్వాత సిరింగోమైలియా వచ్చింది. వెన్నుపాములో నీటి తిత్తులు ఏర్పడే జబ్బు అది. 1948లో బయటపడింది. చేతులు క్రమంగా పట్టు తప్పాయి, 1971లో మరణించేనాటికి అక్షరాలు వంకరలు పోయాయి. కాబట్టి చివరి ఏళ్ల తేదీ ఉన్న ఉత్తరం కింద నున్నటి, జోరైన సంతకం కనిపిస్తే అప్పుడు అనుమానించండి. జోన్స్ విషయంలో తేదీ తెలియకుండా ధర మాట్లాడేవారిని నేను నమ్మను.

అపోహ: గోల్ఫ్ బంతి మీద సంతకమే మేలు.

గుంటలు గుంటలుగా ఉన్న చిన్న బంతి మీద ఎవరి సంతకమైనా ముక్కలవుతుంది, చేతులు తగిలి చెరుగుతుంది. హోల్ దగ్గర పాతే జెండా నయం. బట్ట కింద గట్టి అట్ట పెట్టి, సన్నమొన మార్కర్ ఇవ్వండి. వదులుగా పట్టుకుంటే సిరా పాకుతుంది. ఫ్రేము కట్టాక ఎండ తగలనివ్వకండి.

అపోహ: ఆట ముగియగానే అడగడం ఉత్తమం.

ముందుగా, చోటును బట్టి నియమాలుంటాయి. మాస్టర్స్ టోర్నమెంటు జరిగే ఆగస్టా నేషనల్‌లో కోర్సు మీద సంతకాలు అడగకూడదు. ఇక సమయం సంగతి. 1968 మాస్టర్స్ చివరిరోజు రాబర్టో డి విచెంజో 17వ హోల్‌లో మూడు దెబ్బలు కొట్టారు. ఆయన స్కోరు కార్డు రాసిన సహ ఆటగాడు నాలుగు వేశాడు. డి విచెంజో సరిగా చూసుకోకుండా దానిపై సంతకం చేశారు. నిబంధన ప్రకారం 65 కాస్తా 66 అయింది, ప్లేఆఫ్ అవకాశం పోయింది, టైటిల్ బాబ్ గోల్‌బీకి దక్కింది. ఆ రోజు డి విచెంజో పుట్టినరోజు కూడా, పాపం.

కాబట్టి 18వ గ్రీన్ నుంచి స్కోరింగ్ గదికి నడుస్తున్నవారి ముందు మార్కర్ చాచకండి. కార్డు అప్పగించి వచ్చాక అడగండి, లేదంటే సోమవారం నుంచి బుధవారం దాకా సాధన రోజుల్లో వెళ్లండి. అప్పుడు తొందర తక్కువ, అక్షరాలూ నిండుగా పడతాయి.