కింగ్ ఐలండ్‌లో డీజిల్ ఇంజన్ ఆగడానికి పదిహేనేళ్లు ఎందుకు పట్టింది

ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికీ టాస్మానియాకూ నడుమ బాస్ జలసంధిలో ఉన్న కింగ్ ఐలండ్‌లో సుమారు 1,600 మంది నివసిస్తారు. పాడి పరిశ్రమకు పేరుపడిన ఈ దీవికి బయటి గ్రిడ్‌తో కేబుల్ లేనందున కరెంటంతా ఓడల్లో వచ్చే డీజిల్ మీదే నడిచేది. ఆ ఖర్చు తగ్గించడానికి టాస్మానియా ప్రభుత్వ విద్యుత్ సంస్థ హైడ్రో టాస్మానియా 1998లో హక్స్‌లీ హిల్ మీద 250 కిలోవాట్ల గాలిమరలు మూడు, 2003లో 850 కిలోవాట్లవి మరో రెండు నిలబెట్టింది. మొత్తం సామర్థ్యం 2.45 మెగావాట్లకు, అంటే దీవి గరిష్ఠ వాడకానికి దాదాపు సమానంగా పెరిగినా ఇంజన్లు మాత్రం ఆగలేదు.

కారణం గాలి చాలకపోవడం కాదు. డీజిల్ జనరేటర్ కరెంటు ఇవ్వడంతోపాటు గ్రిడ్ ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కను, 50 హెర్ట్జ్ దగ్గర నిలబెడుతుంది. గాలి సెకన్లలో పడిపోతే, ఆగి ఉన్న ఇంజన్ అప్పటికప్పుడు లేచి ఆ లోటును అందుకోవడం సాధ్యం కాదు కాబట్టి ఒకటైనా ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. పైగా దాన్ని మూడోవంతు లోడుకన్నా బాగా తక్కువలో చాలాసేపు నడిపితే ఇంధనం సరిగా మండక సిలిండర్లలో మసి పేరుకుంటుంది. అందుకే ఈదురుగాలి వీచే రాత్రుల్లో, వాడకం తక్కువగా ఉన్నప్పుడు, ఇంజన్‌కు లోడు మిగల్చడం కోసం గాలిమరల ఉత్పత్తినే తగ్గించాల్సి వచ్చేది.

2003లోనే ఒక వనాడియం ఫ్లో బ్యాటరీ (వనాడియం ద్రావణంలో కరెంటును నిల్వచేసేది) పెట్టారు: సామర్థ్యం 200 కిలోవాట్లు, నిల్వ 800 కిలోవాట్ అవర్లు. అది కొన్నేళ్లకే మూలనపడింది. నిజానికి మన్ని ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదేమో. నాలుగు గంటలపాటు కొద్దికొద్దిగా ఇచ్చే బ్యాటరీ, క్షణంలో పడిపోయే 850 కిలోవాట్ల గాలిమర లోటును పూడ్చలేదు.

తర్వాతి దశలో లెక్క తలకిందులైంది. ముందు, మిగులు గాలి కరెంటును వేడిగా వదిలేసే రెసిస్టర్ వచ్చింది. చూడ్డానికి దుబారాయే, కానీ గాలి తగ్గిన మరుక్షణం ఆ వాడకాన్ని కోసేస్తే ఊళ్లోకి వెళ్లే కరెంటుకు లోటు రాదు. ఇంజన్ ఆగినా తిరుగుతూ ఉండి, అవసరమైనప్పుడు క్లచ్ ద్వారా ఇంజన్‌ను లేపే ఫ్లైవీల్ అనే బరువైన చక్రం దానికి తోడైంది. 2013లో దీవి తొలిసారి డీజిల్ లేకుండా నడిచింది. 2014లో సిద్ధమైన 3 మెగావాట్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిల్వ 1.5 మెగావాట్ అవర్లే, అంటే పూర్తి సామర్థ్యంతో వాడితే అరగంటకు సరిపడా. ఇంజన్ అందుకోవడానికి అది చాలు. 2015 నవంబరులో దాదాపు 33 గంటలు ఏకధాటిగా ఇంజన్లు నిలిచిపోయాయి.

గాలి రోజుల తరబడి వీచకపోతే పవర్‌హౌస్ మళ్లీ మోగాల్సిందే. ఏడాది మొత్తం మీద పెట్టుకున్న లక్ష్యం కూడా వాడకంలో 65 శాతాన్ని డీజిల్ లేకుండా, పునరుత్పాదక కరెంటుతో తీర్చడమే. ఇదే అమరికను సంస్థ ఆ తర్వాత కంటైనర్లలో బిగించి, అదే జలసంధిలోని ఫ్లిండర్స్ ఐలండ్‌కు చేర్చింది.