సీలియాక్ ఉన్నవాళ్లకు థైరాయిడ్ బిళ్ల: అపోహలు - వాస్తవాలు

"అబ్బయా, ఈ బిళ్లలో గోధుమపిండి కలుపుతారంట గదా, అందుకే మానేశా." థైరాయిడ్‌తో పాటు సీలియాక్ కూడా ఉందని తేలినవాళ్లు నెల్లూరులో మందుల షాపు కౌంటర్ దగ్గర అనే మాట ఇది. సీలియాక్ అంటే గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు. వాళ్ల భయం అర్థమవుతుంది. దాన్ని పుట్టించిన వాట్సాప్ మెసేజీల మీదే కోపమొస్తుంది.

అపోహ: గోధుమ ఉంటుంది కాబట్టి ఆపేయడమే మేలు.

వాస్తవం: ఆపొద్దు. థైరాయిడ్ బిళ్లలోని అసలు మందు లెవోథైరాక్సిన్ ఉండేది మైక్రోగ్రాముల్లోనే. బిళ్లగా నిలవడానికి దానికి లాక్టోజు (పాలచక్కెర), సెల్యులోజు, స్టార్చి, మెగ్నీషియం స్టియరేటు లాంటివి కలుపుతారు. స్టార్చి ఎక్కువగా మొక్కజొన్నది, అందులో గ్లూటెన్ ఉండదు. గోధుమ స్టార్చి వాడినా నోటితో వేసుకునే ఒక్కో బిళ్లలో గ్లూటెన్ 0.5 మిల్లీగ్రాము దాటదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 ముసాయిదాలో అంచనా వేసింది. ఒక్క పుల్కాలో సుమారు రెండు గ్రాములుంటుంది.

ఆపేసిన మొదటి వారం పెద్దగా ఏమీ తెలియదు. ఒంట్లోని మందు సగానికి తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది, అందుకే "మానేసినా బాగానే ఉన్నా" అనిపిస్తుంది. తర్వాత నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం ఒక్కొక్కటే మొదలవుతాయి. గర్భిణి ఆపేస్తే బిడ్డ మెదడు ఎదుగుదలకే ముప్పు.

అపోహ: పవర్ పెంచినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే రక్తపరీక్షలో ఎక్కువగా కనిపించే హార్మోను) దిగలేదంటే తప్పు బిళ్లదే.

వాస్తవం: ముందు వంటింట్లో చూడండి. ఈ మందు ఒంటబట్టేది చిన్నపేగులో, సీలియాక్ దెబ్బతీసేదీ దాన్నే. "మేం అన్నం తినేవాళ్లం, గోధుమ ముట్టం" అంటారు గానీ, పులిహోరలో, సాంబారులో, పచ్చడి తాలింపులో పడే ఇంగువ సంగతి? షాపులో దొరికే ఇంగువ చాలావరకు మైదాతోనో గోధుమపిండితోనో కలిపి తయారు చేసింది. డబ్బా వెనక చదవండి, బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి. ఉప్మా రవ్వ, సేమ్యా, కాజా కూడా గోధుమే.

రెండో కారణం ఐరన్, కాల్షియం బిళ్లలు. సీలియాక్ వాళ్లకు ఇవి డాక్టర్లు రాస్తూనే ఉంటారు. పొద్దున్నే మూడూ కలిపి మింగితే థైరాయిడ్ మందు వాటికి అంటుకుని సరిగా ఒంటబట్టదు. లెవోథైరాక్సిన్ పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, టీ, కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట ఆగాకే తీసుకోవాలి. ఐరన్, కాల్షియానికి నాలుగు గంటల ఎడం కావాలి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. గోధుమ పూర్తిగా మానేసి పేగు కోలుకున్నాక అదే పవర్ ఎక్కువైపోవచ్చు. గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం కనిపిస్తే టీఎస్‌హెచ్ చేయించి డాక్టరుకు చూపించండి.

అపోహ: అమెరికాలో ఉన్న పిల్లలతో తెప్పించుకుంటే భయం లేదు.

వాస్తవం: అక్కడ 2013లో వచ్చిన గ్లూటెన్ ఫ్రీ లేబుల్ నిబంధన ఆహారానికే, మందులకు కాదు.

అపోహ: బిళ్లలో పాలచక్కెర ఉంది, కడుపుబ్బరం దానివల్లే.

వాస్తవం: చాలామందికి కాదు. గ్లాసు పాలలో సుమారు పది గ్రాముల లాక్టోజు ఉంటుంది, బిళ్ల మొత్తం బరువే అందులో చిన్న వంతు.

అపోహ: షాపువాడు "గ్లూటెన్ లేదు" అంటే చాలు.

వాస్తవం: చాలదు. చాలా సీసాల మీద స్టార్చి దేనిదో రాయరు. లేబుల్ మీదున్న కంపెనీ ఫోనుకో మెయిలుకో బ్రాండు, పవర్, బ్యాచ్ నంబరు చెప్పి మూడు ప్రశ్నలడగండి: స్టార్చి దేని నుంచి తీశారు? గోధుమ, బార్లీ, రై నుంచి వచ్చిన పదార్థమేదైనా ఉందా? అదే యంత్రం మీద అలాంటి వేరే మందు తయారవుతుందా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మీ పవర్ మారితే మళ్లీ అడగండి, పవర్‌ను బట్టి బిళ్లలో కలిపే రంగులు మారతాయి. జవాబు వచ్చేదాకా ఉన్న బిళ్లే వేసుకుంటూ ఉండండి. బ్రాండు మార్చాల్సి వస్తే డాక్టరుతో చెప్పి మార్చి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చేయించండి.