ఎవరిని ఇంట్లో ఉంచాలి, ఎవరిని 108 ఎక్కించాలి?

2021 మే 16న కేంద్ర ఆరోగ్య శాఖ పల్లెలకు, పట్టణ శివార్లకు, గిరిజన ప్రాంతాలకు విడిగా కోవిడ్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఊరూరా జ్వరాల మీద ఆశా కార్యకర్తలు కన్నేసి ఉంచాలని, సబ్ సెంటర్లలో కూడా ర్యాపిడ్ టెస్టు కిట్లు ఉండాలని, అక్కడి నర్సులైన ఏఎన్ఎంలకు ఆ టెస్టు చేయడం నేర్పాలని, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్లు ఊళ్లలో అందుబాటులో ఉంచాలని అందులో ఉంది. మంచి పత్రమే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది 2020 మార్చి 11న. మధ్యలో పద్నాలుగు నెలలు గడిచిపోయాయి. అన్నాళ్లూ వెంటిలేటర్ల గురించి, ఐసీయూ మంచాల గురించి ఎంతో మాట్లాడుకున్నాం. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, కొండ ప్రాంతంలో 20 వేల మందికి ఒకటి చొప్పున ఉండాల్సిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) ఏం చెప్పాలన్నది మాత్రం ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఇలాంటి జబ్బు మళ్లీ ఎప్పుడొచ్చినా పీహెచ్‌సీ సిబ్బందికి ఇచ్చే కాగితం ముందుగా ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలని నా గట్టి అభిప్రాయం. వచ్చినవాళ్లలో ఎవరిని ఇంట్లో ఉంచాలి, ఎవరిని ఏ క్షణంలో పెద్దాసుపత్రికి పంపాలి? చైనా నుంచి వచ్చిన తొలి లెక్కల్లో నూటికి 81 మందికి జబ్బు తేలికగానే పోయింది. 14 మందికి తీవ్రమైంది, 5 మందికి ప్రాణం మీదికి వచ్చింది. మొదటి రోజు చూస్తే వీళ్లందరిదీ ఒకటే జ్వరం, ఒకటే ఒళ్లునొప్పులు. ఆ పంతొమ్మిది మందిని సకాలంలో గుర్తుపట్టడమే ఊళ్లో ఉన్న నర్సమ్మ చేతిలోని పని. దానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు.

మొదట అడగాల్సింది తేదీ. జ్వరం ఏ రోజు మొదలైంది? టెస్టు ఏ రోజు చేశారన్నది కాదు, ఒళ్లు వెచ్చబడింది ఎప్పుడన్నది కావాలి. కోవిడ్ ముదిరేవాళ్లలో ఎక్కువమందికి మొదటి వారం చివర్లోనో, రెండో వారం మొదట్లోనో ఊపిరితిత్తులు దెబ్బతినడం మొదలయ్యేది. నాలుగో రోజుకు జ్వరం తగ్గిందని పొలానికి వెళ్లిన మనిషి ఎనిమిదో రోజుకు మంచం పట్టడం రెండో వేవ్‌లో ఎన్నో ఊళ్లు చూశాయి. అందుకే ఆశా అక్క ఇంటింటికీ తిరిగే ఓపిక అంతా మొదటి రెండు రోజుల్లోనే ఖర్చు కాకూడదు. ఐదో రోజు నుంచి పదో రోజు దాకా రోజూ తలుపు తట్టాలి.

తలుపు తట్టి ఏం చూడాలి? ఆక్సిజన్, ఊపిరి. పల్స్ ఆక్సీమీటర్ సూత్రాన్ని 1970లలో కనిపెట్టింది తకుఓ అవోయాగి అనే జపాన్ ఇంజనీర్. ఆ చిన్న పరికరాన్ని ప్రపంచమంతా వెతుక్కుంటున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశారు. అది వేలి గుండా ఎర్రని కాంతిని, కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లో, ఆక్సిజన్ పట్టుకున్నది ఒక రకంగా, పట్టుకోనిది మరో రకంగా ఆ కాంతిని పీల్చుకుంటాయి. నాడి కొట్టుకునే కొద్దీ మారే తేడాను బట్టి శాతం తేలుతుంది.

ఆక్సిజన్ శాతం అంతకంటే తగ్గితే ఇంట్లో ఉంచొద్దని మన మార్గదర్శకాల్లో 94 అనే అంకె ఎందుకు పెట్టారో సిబ్బందికి అర్థమయ్యేలా చెప్పి ఉంటే బాగుండేది. రక్తంలో ఆక్సిజన్ పీడనం కొంత తగ్గినా హిమోగ్లోబిన్ చాలావరకు తట్టుకుంటుంది, శాతం పెద్దగా కదలదు. 90 దగ్గరికి వచ్చాక మాత్రం పీడనం కాస్త తగ్గినా శాతం గబగబా జారిపోతుంది. కొండ వాలు మొదలయ్యే అంచు అది. 94 దగ్గరే ఆపితే ఆ అంచుకు ముందు కొంత జాగా మిగులుతుంది, అంబులెన్స్ వచ్చేందుకు టైమ్ దొరుకుతుంది. 90 నుంచి 93 మధ్య ఉంటే ఆసుపత్రిలో చేర్చాలి. 90 కంటే తక్కువైతే అది తీవ్రమైన జబ్బు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆయాసం అనే బాధను మెదడుకు ఎక్కువగా తెలియజేసేది రక్తంలో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. కోవిడ్‌లో మొదట్లో అది మామూలుగానే బయటికి పోతుంది. అందుకే ఆక్సిజన్ 85కు పడిపోయినా మనిషి ఫోన్ మాట్లాడుతూ కూర్చుంటాడు. "బాగానే ఉన్నానమ్మా" అన్న మాటను నమ్మి వెనుదిరిగితే ఇక్కడ ప్రమాదం.

అలాగని పరికరాన్ని కూడా గుడ్డిగా నమ్మలేం. వేళ్లు చల్లబడినా, గోళ్లరంగు ఉన్నా, నల్ల మెహందీ పెట్టుకున్నా, చెయ్యి కదిలినా అంకె తప్పొచ్చు. 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో, లోపల ఆక్సిజన్ పడిపోయినా పరికరం మామూలుగా చూపించడం తెల్లవాళ్లలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. చామనఛాయ మనుషులున్న మన ఊళ్లలో ఇది తేలిగ్గా తీసిపారేసే సంగతి కాదు.

అందుకే ఊపిరి లెక్క కావాలి. ఇది మన ఆశాలకు, ఏఎన్ఎంలకు కొత్త విద్య కాదు. పసిబిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే గుడ్డ పైకెత్తి, నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టడం వాళ్లకు ఏళ్లుగా అలవాటే. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది దాటి ఐదేళ్ల లోపు బిడ్డకు 40 వస్తే న్యుమోనియా అని అనుమానిస్తారు. పెద్దవాళ్లకు ఆ అంకె 24. ముప్పై దాటితే క్షణం ఆలస్యం చేయకూడదు. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 95, 96 చూపిస్తూ అనుమానంగా ఉన్నవాళ్లను ఆరు నిమిషాలు ఇంట్లోనే నడిపించి మళ్లీ చూడాలి. 94 కంటే కిందికి దిగినా, ముందున్నదాని కంటే మూడు నాలుగు పాయింట్లు తగ్గినా డాక్టరుకు ఫోన్ చేయాలి. కూర్చున్నప్పుడే ఆయాసపడుతున్నవాళ్లను మాత్రం నడిపించకూడదు. 108 వచ్చేలోపు రోగిని బోర్లా పడుకోబెడితే వీపు వైపు ఊపిరితిత్తులు తెరుచుకుని ఆక్సిజన్ కొంత మెరుగవుతుంది. గర్భిణులకు ఇది వద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం, స్టెరాయిడ్ ఇంజక్షన్. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే ప్రయోగం ఫలితాలు వచ్చాయి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఏ మేలూ జరగలేదు. ఫలితంలోని మొదటి సగం ఊరూరా పాకింది, రెండో సగం పాకలేదు. జ్వరం వచ్చిన రెండో రోజే డెక్సా వేయించుకున్నవాళ్లు ఎందరో. వేయగానే జ్వరం దిగి, ఆకలి వేసి, మందు భలే పనిచేసిందనిపిస్తుంది. లోపల వైరస్ పెరిగే రోజుల్లోనే ఒంటి రక్షణ తగ్గిపోతుంది, షుగర్ చూస్తుండగానే ఎక్కేస్తుంది. 2021 మేలో బ్లాక్ ఫంగస్ అంతగా చెలరేగడానికి పెద్ద కారణాలు అదుపులేని షుగర్, ఇష్టారాజ్యంగా వాడిన స్టెరాయిడ్లు. తెలంగాణ ప్రభుత్వం ఆ జబ్బును తప్పనిసరిగా నమోదు చేయాల్సినదిగా ప్రకటించి, హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికి కేంద్రంగా పెట్టాల్సి వచ్చింది. "ఆక్సిజన్ 94 పైన ఉంటే స్టెరాయిడ్ వద్దు" అన్న వాక్యం తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి పీహెచ్‌సీ గోడ మీదా ఉండాల్సింది. ఊళ్లో ఆర్ఎంపీలను పిలిచి కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. వాళ్లను పట్టించుకోనంత మాత్రాన జనం వాళ్ల దగ్గరికి వెళ్లడం మానరు.

సూచనలు మారడం తప్పు కాదు. కోలుకున్నవాళ్ల రక్తంలోని ప్లాస్మాను రోగికి ఎక్కించే ప్లాస్మా చికిత్సతో లాభం లేదని 464 మంది రోగులతో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన ప్రయోగమే 2020 అక్టోబరులో చూపించింది. మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేసింది 2021 మేలో. గాలి సంగతీ అంతే. కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని 2020 మార్చిలో గట్టిగా చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత మాట మార్చుకోవాల్సి వచ్చింది. ఆ మార్పు పీహెచ్‌సీ దాకా అందితే అక్కడ పని తీరే మారుతుంది. నేలను బ్లీచింగ్‌తో కడగడం కంటే కిటికీలు తెరవడం, ఓపీ క్యూను వరండాలోకి మార్చడం, టెస్టు ఆరుబయట చేయడం, బిగుతుగా కూర్చునే మాస్కు ఇవ్వడం ముఖ్యమవుతాయి. ప్రతి కొత్త సర్క్యులర్ మీద తేదీ, పాతదానిలో ఏ మాట రద్దయింది, ఎందుకు రద్దయింది అన్న మూడు సంగతులు రాస్తే చాలు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వచ్చే పాతిక పేజీల ఇంగ్లీషు పీడీఎఫ్‌ను పొద్దున్నే ఫీల్డుకు వెళ్లే మనిషి ఎప్పుడు చదవాలి?

మహమ్మారి వచ్చిందని మిగతా జబ్బులు ఆగవు. పశ్చిమ ఆఫ్రికాలో 2014లో చెలరేగిన ఎబోలా 11 వేల మందికి పైగా బలి తీసుకుంది. ఆసుపత్రి సేవలు దెబ్బతినడం వల్ల మలేరియా, క్షయ, హెచ్ఐవీలతో అదనంగా పోయిన ప్రాణాలు కూడా దాదాపు అన్నే ఉంటాయని తర్వాత అంచనా వేశారు. మన దేశంలో 2019లో సుమారు 24 లక్షల క్షయ కేసులు నమోదైతే 2020లో 18 లక్షలే నమోదయ్యాయి. క్షయ తగ్గలేదు, కనిపెట్టడం తగ్గింది. కాబట్టి బీపీ, షుగర్ మందులు రెండు మూడు నెలలకు ఒకేసారి ఇవ్వాలి. టీకాల రోజు, గర్భిణుల పరీక్షల రోజు ఏ పరిస్థితిలోనూ రద్దు కాకూడదు. రెండు వారాలుగా దగ్గుతున్న మనిషికి కోవిడ్ నెగెటివ్ వస్తే "ఏం లేదు, వెళ్లు" అని పంపేయకుండా, ఆ రోజే కళ్లె డబ్బా చేతికిచ్చి క్షయ పరీక్షకు పంపాలి.